కూర మన పిల్లలది, కాంట్రాక్టు ఎవరిది?

(కూరగాయలు పండించే దళిత మహిళా సంఘాలు, గ్రామ కార్యకర్తలు కలిసి కూర్చున్న మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది చాలావరకు మాట్లాడినట్టే ఉంచాం. - సం.)



నన్ను పిలిచిన తమ్ముళ్లు "అంటరానితనం మీద మాట్లాడన్నా" అన్నారు. మాట్లాడతాను. కాకపోతే ఇవ్వాళ వంకాయ దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే ఈ మండలంలో మన పల్లె ఆడవాళ్లు పండించిన వంకాయ పొద్దున్నే ఆటో ఎక్కి టౌను మార్కెట్టుకు పోతంది. అక్కడ మండీలో పాట పడతంది. ఒక వ్యాపారి కొంటాడు. అతని దగ్గర కాంట్రాక్టరు కొంటాడు. ఆ కాంట్రాక్టరు మూడో రోజు వ్యానులో వేసుకొని మళ్లీ ఇదే మండలానికి వచ్చి, మన పల్లెకు పక్కనే ఉన్న ఎస్సీ హాస్టల్లో దింపి పోతాడు. వడలిపోయిన ఆ వంకాయ మన పిల్లలే తింటారు. చేనుకీ హాస్టలుకీ మధ్య రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లు దాటడానికి మన కాయకు మూడు రోజులు, నలుగురు మనుషులు కావాల్సొచ్చారు.

ఇది ఎందుకు ఇట్టా ఉంది? ఎవరి దగ్గర కొనాలో తేల్చేవాళ్లు మన దగ్గర కొనకూడదని తేల్చారు కాబట్టి. మన పేరు చెప్పి కాదన్నారా? అనలేదు. ఈ రోజుల్లో ఎవరూ అట్టా అనరు. షరతులు రాస్తారు. ఆ షరతుల్లో మనం పట్టం.

కంపెనీల్లో ఈ పనికి పెద్ద పేరుంది. సప్లయర్ సెలక్షన్ అంటారు. సరుకు ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎవర్ని పక్కన పెట్టాలి అని లెక్క వేయడం. దీని మీద కాలేజీల్లో పాఠాలు చెబుతారు. 1966లో అమెరికాలో డిక్సన్ అనే ఆయన సరుకు కొనే మేనేజర్లను అడిగి, వాళ్లు అమ్మేవాడిలో ఏమేం చూస్తారో 23 అంశాలుగా రాశాడు. ఆ వరసలో మొదటిది నాణ్యం. రెండోది చెప్పిన టైముకు తెచ్చివ్వడం. మూడోది ఇంతకుముందు ఎట్టా ఇచ్చాడు అనేది. ధర ఎన్నోదనుకుంటున్నారు? ఆరోది! అడుగున ఎక్కడో ఇంకొకటుంది: అమ్మేవాడిని చూడగానే కలిగే అభిప్రాయం. మొహం చూసి కలిగే అభిప్రాయం అన్నమాట. మన దేశంలో అది అడుగున ఉండదు, అది మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

వ్యాపారం చేసుకునేవాడే ధరను ఆరో చోట పెడితే, మన పిల్లల కడుపు నింపాల్సిన సర్కారు టెండరులో ధర మొదటి చోటికెక్కింది. ఎవడు తక్కువ కోట్ చేస్తే వాడిదే. ఆ తక్కువ ఎట్టా వచ్చింది, ఆ కాయ ఎన్ని రోజులది అని ఎవరూ అడగరు.

టెండరు సంగతికి మళ్లీ వస్తాను. ముందు బయటి మార్కెట్టు సంగతి చూద్దాం.

2001-02లో 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి ఒక సర్వే చేశారు. గ్రామీణ భారతంలో అంటరానితనం మీద. 2006లో పుస్తకంగా వచ్చింది. నూటికి 35 ఊళ్లలో దళితుల్ని స్థానిక మార్కెట్లో తమ సరుకు అమ్ముకోనివ్వడం లేదని తేలింది. పాల సంగతి ఇంకా ఘోరం. నూటికి 47 ఊళ్లలో దళితుల పాలు కొనరు. గేదె మనది, గడ్డి మనం కోసిందే, పాలు మాత్రం మైలపడ్డాయి! కూరగాయల్లో ఇది ఇంత పచ్చిగా కనిపించదు. కాయను కడుగుతారు, ఉడకబెడతారు. పైగా టౌను మార్కెట్లో గంప ఎవరిదో తెలియదు. అందుకే మన ఆడవాళ్లు ఊళ్లో అమ్మకుండా టౌనుకు పోతారు. ఊరి కులం కంటే టౌను దళారి నయమనిపిస్తాడు. నేను అదే నిజమంటాను, కొంతవరకు. దళారికి కులం కంటే కమీషను ముఖ్యం.

కాని ఆ నయం ఖరీదెంతో చూడండి. విత్తనానికి, పురుగుమందుకు మండీవాడు ముందే డబ్బులిస్తాడు. అప్పిచ్చాడు కాబట్టి పంట ఆ మండీకే తోలాలి. ఇంక పక్క మండీలో రెండు రూపాయలెక్కువ పలికినా మనకు సంబంధం లేదు. కమీషను నూటికి ఎనిమిదో పదో పట్టుకోవడం చాలా మార్కెట్లలో మామూలైపోయింది. పైన సూటు, తరుగు, హమాలీ, ఆటో బాడుగ. 2024లో రిజర్వు బ్యాంకు వాళ్ల అధ్యయనమే చెప్పింది: తినేవాడు టమాటాకు రూపాయి ఇస్తే పండించినోడికి చేరేది 33 పైసలు. ఇది మొత్తం రైతుల లెక్క. ఎకరం కౌలుకు చేసి అప్పు మీద పంట తీసే మాదిగ ఆడమనిషికి ఆ 33లో ఎంత మిగులుతుందో ఏ బ్యాంకూ లెక్క తీయలేదు.

రైతు బజారు ఉందిగా అంటారు. ఉంది. 1999 జనవరి 26న మొదలుపెట్టారు. దళారి లేకుండా రైతే తెచ్చి అమ్ముకోవడం మంచి పనే, కాదనను. మరి రైతు ఎవరు అనేది ఎట్టా తేలుస్తారు? ఫలానా సర్వే నంబరులో ఫలానా కూరగాయ వేశాడని అధికారులు రాస్తే గుర్తింపు కార్డు. సర్వే నంబరు ఎవరి పేరున ఉంది? 2015-16 వ్యవసాయ లెక్కల ప్రకారం దేశం మొత్తం సాగు భూమిలో దళితుల చేతిలో ఉన్నది నూటికి 9 ఎకరాలు కూడా లేదు. జనాభాలో మనం 2011 లెక్కకే నూటికి 16 మందికి పైన. ఉన్నవాళ్లకైనా సగటున రెండెకరాలు దాటదు. మిగతా అంతా కౌలే. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలు రైతులకు ఒక చట్టం తెచ్చారు. దాని బదులు 2019లో ఇంకోటి తెచ్చి, కార్డు కావాలంటే భూమి గలాయన సంతకం కావాలన్నారు. ఏ ఆసామి సంతకం పెడతాడు? పెడితే భూమి పోద్దని భయం, పెట్టకపోతే మనకి కార్డు లేదు. కార్డు లేకపోతే నువ్వు రైతువు కాదు. నడుం వంచి మొక్క నాటింది నువ్వు, పాదు కట్టింది నువ్వు, కాయ కోసింది నువ్వు. కాగితం మీద రైతు ఆయన. ఆయన గుంటూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు.

పెద్ద కంపెనీల కూరగాయల షాపులు వచ్చాయి. 2006 చివర హైదరాబాదులో మొదటివి తెరిచినప్పుడు "రైతు దగ్గర నేరుగా కొంటాం, దళారి పోతాడు" అని చాలా మాట్లాడారు. వాళ్లు కొనే పద్ధతి ఏమిటి? పల్లెల్లో కలెక్షన్ సెంటరు పెడతారు. ముందురోజు సాయంత్రం రేపింత కావాలని చెబుతారు. మంచి సైజు, మచ్చ లేని కాయ ఏరి తీసుకుంటారు, మిగిలింది నీ ఖర్మ. పంట మొత్తం కొంటామనే ఒప్పందం సాధారణంగా ఉండదు. ధర మార్కెట్టు ధరను చూసే ఇస్తారు. బోరున్నవాడు, బండున్నవాడు, రెండో రకం కాయను ఇంకోచోట అమ్ముకోగలిగినవాడు ఇందులో నిలబడతాడు. అంటే ఎవరు? ఊళ్లో ఎవరికి బోరుందో మీరే చెప్పండి.

ఇంక ఆ షాపుల్ని మార్చే బలం ఇప్పుడు మనకు లేదు. కాని సర్కారు కొనే కూర సంగతి వేరు. అది మన డబ్బు. మన పిల్లల పేరు మీద విడుదలైన డబ్బు. సాంఘిక సంక్షేమ శాఖ హాస్టలుకు, గురుకులానికి, బడి భోజనానికి కూరగాయలు ఎవరి దగ్గర కొనాలి అని అడిగే హక్కు మనకు మించి ఎవరికీ లేదు.

లెక్క వేద్దాం. నూరు మంది పిల్లలున్న హాస్టలు. పిల్లకు రోజుకు పావుకిలో కూర వేసుకోండి, ఎక్కువేం కాదు. రోజుకు 25 కేజీలు. ఏడాదిలో 300 రోజులు వేసుకుంటే ఏడున్నర టన్నులు. నీళ్లున్న నేలలో బెండ ఎకరానికి నాలుగైదు టన్నులు రావడం వింతేం కాదు, టమాటా అయితే ఇంకా ఎక్కువ. రకరకాలుగా, దఫదఫాలుగా వేసుకుంటే రెండెకరాల్లో ఒక హాస్టలు నడుస్తుంది. బడి భోజనం చూడండి. చిన్నబడి పిల్లకు రోజుకు 50 గ్రాముల కూర, పెద్దబడి పిల్లకు 75 గ్రాములు అని కేంద్రమే నియమం పెట్టింది. మండలంలో వెయ్యి మంది చిన్న పిల్లలు, వెయ్యి మంది పెద్ద పిల్లలుంటే రోజుకు 125 కేజీలు. ఇంత బేరం మన ముక్కు కిందనే ఉంది.

ఆ బడి భోజనంలో కూర కొనేది ఎవరు? ఆంధ్రప్రదేశ్‌లో చాలా బళ్లలో వంటచేసే మహిళల గ్రూపే. బియ్యం, గుడ్లు సర్కారు ఇస్తంది, కూర మాత్రం వంట ఖర్చులోంచి వాళ్లే కొంటారు. అంటే అక్కడ సప్లయరు ఎవరో తేల్చేది మన అక్కచెల్లెళ్లే! టెండరు లేదు, కలెక్టరు లేడు. మరి వాళ్లెందుకు మన దగ్గర కొనడం లేదు? షావుకారు అరువిస్తాడు, మనం ఇవ్వలేం. బిల్లు నెలలు గడిచినా రాదు. 2025 మే నుంచి కేంద్రం లెక్క ప్రకారం చిన్నబడి పిల్లకు వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు. పప్పు, నూనె, కూర, పోపు, గ్యాసు అన్నీ అందులోనే. ఆ డబ్బు కూడా ఆలస్యంగా వస్తే వంటమ్మ ఏం చేస్తుంది? అరువు ఎక్కడ దొరికితే అక్కడికే పోతుంది. తప్పు ఆమెది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది: చిన్నవాళ్లను ఈ సరఫరా నుంచి బయటికి తోసేది ధర కంటే బిల్లు ఆలస్యమే.

ఇంక హాస్టలు టెండరు. తక్కువ ధరకే ఇవ్వాలి కదా, ప్రజల డబ్బు కదా అని ఆఫీసర్లు అంటారు. సరే, వాళ్ల లెక్కే వేద్దాం. ఊరికే మాటవరసకు అనుకోండి. కాంట్రాక్టరు కేజీ 24 రూపాయలన్నాడు. మన సంఘం 27 అన్నది. పైకి మూడు రూపాయలు మనమే ఎక్కువ. కాని కాంట్రాక్టరు సరుకు మూడు రోజులది, వందలో 15 కేజీలు కుళ్లో వడిలో పారేయాలి. 2,400 పెట్టి కొంటే వండేది 85 కేజీలు. అంటే వండిన కేజీ 28 రూపాయల 23 పైసలు పడింది. మనది పొద్దున కోసి పొద్దునే దింపింది, మూడు కేజీలు పోతాయనుకోండి. 2,700కు 97 కేజీలు. వండిన కేజీ 27 రూపాయల 83 పైసలు. ఎవరిది చవక? తక్కెట్లో పెట్టిన కాయను చూడకూడదు, కుండలోకి దిగిన కాయను చూడాలి. ఈ నష్టం నేను కల్పించింది కూడా కాదు. టమాటా చేను నుంచి తినేవాడికి చేరేలోపు నూటికి 11, 12 కేజీలు పోతాయని సర్కారు సంస్థల అధ్యయనాలే చెబుతున్నాయి. ఆకుకూరలయితే చెప్పక్కర్లేదు. తోటకూర కట్ట మధ్యాహ్నానికే తల వాలుస్తుంది. అందుకే దూరం నుంచి వచ్చే కాంట్రాక్టరు ఆకుకూర తేడు. రక్తం లేక పాలిపోయిన మన ఆడపిల్లలకు ఏది కావాలో అదే హాస్టలుకు రాదు.

ఇంకో మాయ ఉంది. కొన్నిచోట్ల రకం ఏదైనా కేజీ ఇంత అని అన్నిటికీ ఒకటే రేటు పెడతారు. అట్టా పెడితే ఏమవుతుంది? ఆ వారం ఏది చవకయితే అదే వస్తుంది. దోసకాయ సీజనులో నెలంతా దోసకాయ, క్యాబేజీ పడిపోతే నెలంతా క్యాబేజీ. చిక్కుడు, బీర పిల్లలు కళ్లతో చూడరు. రకానికొక రేటు, అదీ దగ్గర్లోని రైతు బజారు ధరను పట్టి వారం వారం మారేట్టు ఉండాలి అని మనం అడగాలి. ఏడాదికొకే రేటు అంటే చిన్న రైతు మునుగుతాడు. 2023 జులై, ఆగస్టుల్లో టమాటా కేజీ 150 దాటిపోయింది. రెండు నెలలు తిరగకుండానే రైతులు రోడ్డు మీద పారబోశారు. అట్టాంటి పంటకు ఏడాదంతా ఒక రేటు ఎవడు కట్టగలడు? ధర పెరిగినప్పుడు సరుకు ఎగ్గొట్టడం తెలిసినవాడే కట్టగలడు.

కాగితాల సంగతి ఇప్పుడు జాగ్రత్తగా వినండి, తమ్ముళ్లు రాసుకోండి. ఒక సంఘం ఆడవాళ్లు గోంగూర, బెండకాయ తీసుకొని హాస్టలుకు పోతే "జీఎస్టీ నంబరుందా?" అని అడిగారంట. వాళ్లు మొహాలు చూసుకొని వెనక్కొచ్చారు. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లు, తన సొంత సాగు పంట అమ్ముకునే రైతు రిజిస్ట్రేషను చేయించుకోనక్కర్లేదని 2017 నాటి జీఎస్టీ చట్టం 23వ సెక్షనులోనే ఉంది. అట్టాంటప్పుడు ఆ నంబరు అడగడం దేనికి? గడప దగ్గరే ఆపడానికి. ఫుడ్ లైసెన్సు అంటారు. 2006 ఆహార భద్రత చట్టంలో, రైతు చేతిలో ఉన్నంతవరకు పచ్చి పంట ఆ చట్టం కిందికి రాదు. సంఘం నలుగురి దగ్గర కూడగట్టి అమ్మితే మాత్రం చిన్న వ్యాపారి కింద రిజిస్ట్రేషను కావాలి, అది పెద్ద ఖర్చు కాదు, చేయించుకుందాం. ఇంక ధరావతు సొమ్ము, మూడేళ్ల టర్నోవరు, ఇంతకుముందు ఇంత సరఫరా చేసిన అనుభవం. ఎన్నడూ చేయనివ్వకుండా అనుభవం అడుగుతారు! బావిలో నీళ్లు ముట్టనివ్వకుండా, నీకు స్నానం చేసే అలవాటు లేదన్నట్టు.

ఈ షరతులు రాతి మీద చెక్కినవేం కావు. సర్కారు తలుచుకుంటే మారుస్తుంది, మార్చింది కూడా. 2002 జనవరిలో భోపాల్‌లో దళిత మేధావులు సమావేశమై, రిజర్వేషను ఉద్యోగాలతో ఆగకూడదు, సర్కారు కొనే సరుకులో కూడా దళితుల వాటా ఉండాలన్నారు. అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం తన కొనుగోళ్లలో నూటికి 30 ఎస్సీ, ఎస్టీ సరఫరాదారుల నుంచి అన్నది. 2003 చివర ఆ ప్రభుత్వం పోయింది, ఆ ఊపూ పోయింది. 2012లో కేంద్రం తన శాఖలు, కంపెనీలు కొనే మొత్తంలో నూటికి 4 దళిత, ఆదివాసీ యజమానుల చిన్న పరిశ్రమల దగ్గర కొనాలని ఉత్తర్వు ఇచ్చింది. చిన్న యూనిట్లకు ధరావతు కూడా మినహాయించింది. ఆ నాలుగు నిండని ఏళ్లే ఎక్కువ, అది వేరే కథ. కర్ణాటకలో ప్రభుత్వ పనుల కాంట్రాక్టుల్లో ఎస్సీ, ఎస్టీలకు వాటా చట్టంలోనే పెట్టారు, 2023లో ఆ పనుల పరిమితిని 50 లక్షల నుంచి కోటికి పెంచారు. సిమెంటుకు, రోడ్డుకు వాటా ఉండగా బెండకాయకు ఎందుకుండదు?

అసలు మనకు ఇంకా దగ్గరి ఆధారం ఉంది. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు, బడి భోజనం వండేవాళ్లుగా దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. వండే చెయ్యి మనదై ఉండాలని కోర్టు అన్నది. ఆ వంటలోకి వచ్చే కాయ మన చేతిది అయితే తప్పేంటి?

బయట దేశం సంగతి ఒకటి చెబుతాను. బ్రెజిల్‌లో 2009లో చట్టం చేశారు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో నూటికి కనీసం 30 చిన్న కుటుంబ రైతుల దగ్గరే కొనాలని అప్పుడు అందులో రాశారు. టెండరు పాట లేదు. స్థానిక మార్కెట్టు ధర విచారించి రేటు ముందే ప్రకటిస్తారు. ఎవరు ఇవ్వగలరో రమ్మంటారు. వచ్చినవాళ్లలో ఎవరికి మొదట ఇవ్వాలి? భూ సంస్కరణలో భూమి వచ్చినవాళ్లకు, ఆదివాసులకు, కిలొంబోలా అనే సమాజాలకు. వాళ్లెవరో తెలుసా? బానిసత్వం నుంచి పారిపోయి అడవుల్లో ఊళ్లు కట్టుకున్న నల్లవాళ్ల పిల్లలు. వాళ్ల చేలో పండిన కూర ఆ దేశపు బళ్లలోకి చట్టబద్ధంగా పోతంది. నేను దీన్ని స్వర్గం అనడం లేదు. అక్కడా ఎగ్గొట్టేవాళ్లున్నారు. కాని చట్టం అట్టా రాయవచ్చని తెలిసింది కదా.

అంత దూరం ఎందుకు, జహీరాబాదు పక్కన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత ఆడవాళ్లే. 1990ల నడుమ వాళ్లు రేషను షాపు బియ్యం కోసం చూడకుండా, తమ పడావు భూముల్లో జొన్నలు పండించి, ఆ జొన్నల్నే తమ ఊళ్లో పేదలకు చవకగా పంచుకున్నారు. పండించిందీ ఊరే, నిల్వ చేసిందీ ఊరే, ఎవరు పేదో తేల్చిందీ ఊరే. జొన్న ఆగుతుంది, వంకాయ ఆగదు, ఆ తేడా ఉంది. మిగతాదంతా మనం నేర్చుకోవాల్సిందే.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. వట్టి అర్జీ పెట్టి కూర్చుంటే కుదరదు. రేపు ఆఫీసరు "సరే, ఇవ్వండి" అంటే మనం ఇవ్వగలమా? ఏడాది పొడుగునా? ఇక్కడ ఒక ఆరుగురు అక్కల్ని అడిగాను, ఆరుగురూ ఒకే నెలలో వంగ వేశారు. ఒకేసారి కాస్తే ఒకేసారి రేటు పడుతుంది, తర్వాత రెండు నెలలు గంప ఖాళీ. కొనేవాడికి కావాల్సింది రోజూ రావడం. తోటకూర 25, 30 రోజులకు కోతకొస్తుంది. బెండ 45 రోజులకు మొదటి కోత. వంగ, టమాటా నారు నాటినాక రెండు నెలలు పైనే. దీన్ని బట్టి ఎవరు ఎప్పుడు ఏది వేయాలో సంఘంలో కూర్చొని పంచుకోవాలి. పదిహేను రోజుల తేడాతో వేస్తే తెగకుండా వస్తుంది. ఆలుగడ్డ, ఉల్లిపాయ మన దగ్గర పండవు, వాటిని మన మీద వేసుకోవద్దు. "ఇవి ఇస్తాం, ఇవి ఇవ్వం" అని కాగితం మీద చెప్పడంలో చిన్నతనం లేదు.

ఇంకోటి. కృష్ణ లంకల్లో సాగు చేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దిగింది. లంకల్లో పసుపు, కంద, అరటి, కూరపాదులు అన్నీ మునిగాయి. అట్టాంటి రోజున హాస్టలు పిల్లలకు ఏం పంపుతాం? లంక సంఘం ఒక్కటే ఒప్పుకుంటే ఒక్క వరదకు మాట పోతుంది. మెట్ట ఊళ్ల సంఘాన్ని కూడా కలుపుకోవాలి. వరదల్లో వాళ్లు, ఎండాకాలం బోర్లెండినప్పుడు వీళ్లు. కొనేవాళ్లకూ ఇదే చెప్పండి: ఒక్క కాంట్రాక్టరు మీద ఆధారపడితే వాడు మానేసిన రోజు పిల్లలు పస్తు. ముగ్గురు ఉంటే ఒకరు తప్పినా ఇద్దరుంటారు.

ఈ ముగ్గురిలో మాల పల్లె ఉండాలి, మాదిగ పల్లె ఉండాలి. ఎవరికి ఎన్ని రోజులు అనేది ముందే రాసుకోండి. గంప దగ్గర కొట్లాట పెట్టుకుంటే కాంట్రాక్టరు నవ్వుకుంటా వ్యాను తోలుకొస్తాడు. భూమి బొత్తిగా లేనివాళ్లకు ఏరడం, తూకం, బండి పని ఇవ్వాలి. వాళ్లను వదిలేసి సంఘం అనొద్దు.

బినామీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రేపు దళితులకు వాటా అని ఉత్తర్వొస్తే మొదట ఎవరొస్తారు? పాత కాంట్రాక్టరే వస్తాడు, మన పిల్లగాడి ఆధార్ కార్డు పట్టుకొని. నెలకింత ఇస్తాను, సంతకాలు పెట్టమంటాడు. మనవాడే ఒకడు సొంతంగా కాంట్రాక్టరయి టౌను మండీలో కొని హాస్టలుకు తోలాడనుకోండి. దళిత వ్యాపారి ఎదగడం నాకు సంతోషమే, కాని మన ఆడవాళ్ల వంకాయకు దాంతో ఏమీ ఒరగదు. అందుకని మనం అడిగే షరతులో రెండూ ఉండాలి: ఎవరి పేరు అనేదీ, ఎవరి చేను అనేదీ. కౌలు కార్డు లేకపోయినా సంఘం తీర్మానం, పొలం చూసిన ఉద్యాన అధికారి మాట చాలాలి.

బిల్లు మాట గుర్తుంది కదా? పదిహేను రోజుల్లోపు డబ్బు సంఘం బ్యాంకు ఖాతాలో పడాలి. ఈ ఒక్క షరతు ఒప్పుకోకపోతే, మిగతావన్నీ ఒప్పుకున్నా మీరు దిగొద్దు. రెండు నెలలు బిల్లు ఆగితే మన అక్కలు మళ్లీ మండీవాడి దగ్గరే అప్పు చేసి విత్తనం కొంటారు. ఆ తర్వాత కాయ ఎక్కడికి పోతుందో మీకు తెలుసు.

ఒత్తిడి రాదనుకోవద్దు. ఊరు ఏం చేస్తుందో మనకు తెలియందా? 1930లోనే బొంబాయి రాష్ట్రంలో స్టార్టే కమిటీ, అందులో అంబేడ్కర్ కూడా సభ్యుడు, రాసి పెట్టింది: అంటరానివాళ్లు హక్కు అడిగితే ఊరు చేసే మొదటి పని భూమి లాక్కోవడం, పని ఆపేయడం, కోమటి కొట్లో సరుకు ఇవ్వకుండా చేయడం. 1985లో కారంచేడు తర్వాత, 1991లో చుండూరులో మనం చూశాం. కూర కాంట్రాక్టు కోసం అంత జరగదని మీరనుకోవచ్చు. కౌలు భూమి మీద ఉన్నవాళ్లను వచ్చే ఏడాది "ఖాళీ చేయి" అంటారు, అంతే చాలు. అందుకని మొదట అర్జీ మీద పేర్లు పెట్టేవాళ్లు సొంత భూమి, పట్టా భూమి, సొసైటీ భూమి ఉన్నవాళ్లయి ఉండాలి. కౌలు అక్కలు వెనక వరసలో ఉండండి. ఇది పిరికితనం కాదు, లెక్క.

ఇంక పని. ఈ వారంలోనే ఇద్దరు చదువుకున్న తమ్ముళ్లు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో మండల ఆఫీసులో ఫీజు 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10, తెల్ల కార్డుంటే అదీ లేదు. అడగాల్సింది: ఈ మండలంలో హాస్టళ్లకు, గురుకులానికి కూరగాయలు ఎవరు ఇస్తున్నారు, టెండరు షరతులేంటి, రకానికెంత రేటు, గత ఏడాది నెలనెలా ఎన్ని కేజీలు వచ్చాయి, బిల్లు ఎప్పుడు చెల్లించారు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోపు అమ్మలు ఊరూరా తిరిగి ఎవరు ఎంత నేలలో ఏం వేశారో నోటు పుస్తకంలో రాయండి. చదువు రాని అమ్మలకు హాస్టలు పిల్లలే రాసిపెడతారు, ఆదివారం ఇళ్లకొస్తారుగా. వాళ్లనే ఇంకోటి అడగండి: ఈ నెలలో ఏ రోజు ఏ కూర పెట్టారు? వాళ్లు చెప్పింది కూడా అదే పుస్తకంలో ఎక్కించండి. ఆఫీసు ఇచ్చిన కాగితం పక్కన పిల్లలు రాసిన కాగితం పెట్టి చూద్దాం.

వంట చేసే అక్కలు ఇక్కడ ముగ్గురున్నారు. వాళ్ల బళ్లతోనే మొదలుపెడదాం. సోమవారం నుంచి వారానికి రెండు రోజులు ఆకుకూర మన సంఘం ఇస్తుంది. పదిహేను రోజుల అరువుకు సంఘం పొదుపులోంచి సర్దాలని నా సలహా, తీర్మానం మీది. ఎంత సర్దగలరో ఇప్పుడే, భోజనాలకు లేచేముందే తేల్చండి.

జై భీమ్.